సముద్రం లేని చోట సొరచేప పన్ను

మా అక్క కొడుకు చిన్నుకి పన్నెండేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపా దగ్గర. డిసెంబరు సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు వాడి సంచిలో ఒక గళ్ల డబ్బా ఉంది. ప్రతి గడిలో దూది, దూది మీద నల్లగా నిగనిగలాడే సొరచేప పళ్లు. అన్నీ వెనిస్ అనే ఊరి బీచ్‌లో వాడే ఏరాడు.

నాలుగేళ్ల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ పిచ్చి నాకూ పట్టుకుంది. అక్కడ పొద్దున్నే జనం పొడుగు కర్రకి తగిలించిన తీగబుట్టలతో మోకాలి లోతు నీళ్లలో నిలబడతారు. అల వెనక్కి పోగానే బుట్టతో ఇసుక తోడి జాడిస్తారు. గవ్వముక్కల మధ్య నల్లటి త్రికోణం మెరిస్తే చాలు, అదే పన్ను. సొరచేపకి బతికున్నప్పుడు పళ్లు తెల్లగానే ఉంటాయి. లక్షల ఏళ్లు మట్టిలో పడి ఉంటే చుట్టూ ఉన్న ఖనిజాలు లోపలికి ఇంకి రంగు మారుతుంది. నలుపైతే బాగా పాతది, గోధుమరంగైతే కాస్త కొత్తది అని చాలామంది అనుకుంటారు కానీ, అది వయసు రంగు కాదు, పడి ఉన్న మట్టి రంగు. ఫ్లోరిడాలో వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలు ప్రభుత్వ భూమిలో ఏరాలంటే పర్మిట్ కావాలి. సొరచేప పళ్లకి మాత్రం అక్కర్లేదు. అందుకే పిల్లా పెద్దా అందరూ ఏరుతుంటారు.

"చిన్నమ్మా, ఇక్కడ దొరకవా?" అని వచ్చిన మర్నాడే అడిగాడు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. శిలాజాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద బొమ్మ గీసి చూపించడమే తప్ప, మన నేలలో దొరికిన దాన్ని పిల్లల చేతిలో పెట్టింది ఎప్పుడూ లేదు. నాగోలులో మా కింది వాటాలో ఉండే మాస్టారు డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయన్ని అడిగితే కాసేపు ఆలోచించి, "ఉన్నాయమ్మా. కానీ సముద్రానివి కావు. ఒక వారం నాకు వదిలెయ్యండి" అన్నారు.

మొదటి రోజు, శనివారం

మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లాం. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ పక్కనే ఉంటుంది. ఇక్కడి డైనోసార్ అస్థిపంజరం చూడని హైదరాబాద్ పిల్లలు తక్కువే. దాని పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీశారు. 44 అడుగుల పొడవు. అది ఒకే జంతువు ఎముకలతో నిలబెట్టింది కాదనీ, కనీసం 12 జంతువుల ఎముకలు ఆ చోట కలిసి దొరికాయనీ మాస్టారు చెప్పేదాకా నాకూ తెలియదు. స్కూలు పిల్లల్ని ఎన్నోసార్లు తీసుకొచ్చి, పొడవు, ఎత్తు చెప్పి పంపించేశాను.

చిన్ను డైనోసార్‌ని ఐదు నిమిషాలు చూసి, "షార్క్స్ ఏవి?" అన్నాడు.

మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేసి ఆ ఎముకల్ని చూపించారు. "ఇవి ఏ రాతిపొరలో దొరికాయో, దాన్ని కోట ఫార్మేషన్ అంటారు. అదే పొరలో చేపల శిలాజాలున్నాయి, హైబోడాంట్ అనే పాత రకం సొరచేప పళ్లూ దొరికాయి. గింజల్లా ఉంటాయి కాబట్టి ఇలా నిలబెట్టి చూపించడానికి ఉండదు. పెద్ద ఎముక తనే కనబడుతుంది. పన్ను కనబడాలంటే మనం వంగాలి."

ఆ పొరకి కింద, ఇంకా పాత పొర ఒకటుంది. దాని పేరు మలేరి. ఆరో రోజున వెళ్లబోయేది అక్కడికే అని చెప్పారు.

రెండో రోజు, ఆదివారం

పొద్దున ఆరింటికే రాంనగర్ చేపల మార్కెట్‌కి వెళ్లాం. ఆదివారం అక్కడ కాలు పెట్టడానికి సందుండదు. రాతిలో పన్ను వెతికే ముందు నోట్లో పన్ను ఎలా ఉంటుందో చూడాలన్నది నా ఆలోచన. బొచ్చె, రవ్వ, కొరమీను కుప్పలు దాటి వెళ్తే, సముద్రపు చేపలమ్మే చోట ఒకామె దగ్గర మూరెడు పాలసొరలు నాలుగు కనిపించాయి. "ఇంట్లో బాలింత ఉందా అమ్మా?" అని అడిగింది. సొరపుట్టు తింటే బాలింతకి పాలు పడతాయని మన వాళ్లకి నమ్మకం కదా. తల కొయ్యకుండా ఉంచమంటే వింతగా చూసి, సరేనని ఇచ్చింది.

ఇంటికొచ్చి తల ఉడకబెట్టి, మెత్తబడ్డ మాంసం వేళ్లతో తీసేశాం. దవడ చేతికొచ్చింది. ముందు వరుస వెనక ఇంకో వరుస, దాని వెనక మరొకటి, లోపలికి ఒరిగి పడుకుని ఉన్నాయి. ముందుది ఊడితే వెనకది జరిగి వస్తుంది. ఒక్క సొరచేప బతికినన్నాళ్లలో వేలకొద్దీ పళ్లు రాలుస్తుంది. దాని అస్థిపంజరమంతా మృదులాస్థి, మన చెవిడొప్పలో ఉండేలాంటిది, చచ్చాక త్వరగా కుళ్లిపోతుంది. పన్ను మాత్రం గట్టి ఎనామిల్ లాంటి పూత వల్ల మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే ఇది. వేలితో ఆ వరుసలు తడుముతుంటే మాత్రం నాకే కొత్తగా ఉంది.

సాయంత్రం నాగోలులో మెట్రో ఎక్కి దుర్గం చెరువు స్టేషన్‌లో దిగాం. చెరువు చుట్టూ ఉన్న బండల మీద కూర్చోబెట్టి మాస్టారు ఒకే మాట చెప్పారు. ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. అప్పటికి చేప అన్నదే పుట్టలేదు. కాబట్టి హైదరాబాద్ బండల్లో ఎంత వెతికినా శిలాజం ఉండదు. వెతకాల్సిన చోటు తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, వెతకక్కర్లేని చోటు తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యమని ఆయన ఉద్దేశం. చిన్ను నోట్‌బుక్‌లో హైదరాబాద్ అని రాసి పక్కన సున్నా పెట్టుకున్నాడు.

మూడో రోజు, సోమవారం

కారులో చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు బయల్దేరాం. ఆ రోడ్డు మీది మర్రిచెట్ల కింద నుంచి పోతుంటే మాట్లాడబుద్ధి కాదు. మర్రులు దాటాక కాసేపటికి నేల రంగు మారుతుంది. గ్రానైట్ గుండ్లు పోయి నల్లరాయి మొదలవుతుంది. దక్కన్ అంతటా పారిన లావా అంచు ఇక్కడిదాకా వచ్చి ఆగింది.

నస్కల్ అనే ఊరు మా గమ్యం. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట లావా ఒక్కసారిగా పారలేదు. ఒక పొర పారి, చల్లారి, దాని మీద వానలు కురిసి, చెరువులు నిండి, చెట్లు మొలిచాక, మళ్లీ ఇంకో పొర వచ్చి అన్నింటినీ కప్పేసింది. ఆ రెండు నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న చెరువు మట్టిలోనే శిలాజాలుంటాయి. ఈ నస్కల్ మట్టిని కడిగి జల్లెడ పట్టే గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఒక చిన్న క్షీరదం పళ్లు కనుక్కున్నారు. 1988లో దాని గురించి ప్రకటించారు. డైనోసార్ల కాలంలో చివరిదైన క్రెటేషియస్ నాటి క్షీరదం మన దేశంలో దొరకడం అదే మొదలు. దానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు. ఎలుకకన్నా చిన్న ప్రాణి. ఊరు దాటి పోతున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇంటి నుంచి రెండు గంటల దూరంలో ఇంత కథ పెట్టుకుని, నా పిల్లలకి ఇన్నేళ్లూ వేరే దేశాల బొమ్మలే చూపించాను.

ఒక కందిచేను గట్టు పక్కన వాగు కోసిన చోట మాస్టారు ఆగారు. పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యలో బూడిదరంగు మట్టి. అక్కడక్కడా గట్టిపడి గాజులా విరుగుతోంది. చిన్ను మోకాళ్ల మీద కూర్చుని పావుగంటలో ఒక నత్తగుల్ల పట్టుకున్నాడు. రాయిగా మారింది కానీ మెలిక చెక్కు చెదరలేదు.

చేను గల పెద్దమనిషి కంది కొమ్మ చేతిలో పట్టుకుని వచ్చాడు. "ఏం దేవులాడుతున్నరు సారూ? లంకెబిందెలు ఉన్నయా ఏంది?"

మాస్టారు నత్తని ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన తిప్పి తిప్పి చూశాడు. "గియ్యి మా చెర్ల నత్తగుల్లలే గద."

"అవే అయ్యా. కాకపోతే ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి చెరువు."

ఆయన నవ్వలేదు. చేతిలో దాన్ని ఇంకొంచెం దగ్గరగా పట్టుకున్నాడు. "అంటే గీడ చెరువు ఉండె" అన్నాడు, తన పొలం వైపు చూసి. నిజం చెప్పాలంటే ఆ మూడు ముక్కల్లో మేం చదువుకున్న సారమంతా ఉంది. అడిగితే ఐదు కిలోల మట్టి తీసుకుపొమ్మన్నాడు. పోయేటప్పుడు పచ్చి కందికాయలు కూడా సంచిలో వేశాడు.

నాలుగో రోజు, మంగళవారం

పద్ధతి ఏమిటంటే, మట్టిని ముందు బాగా ఎండనివ్వాలి. బొత్తిగా ఎండిన మట్టిని నీళ్లలో వేస్తే దానంతటదే పగిలి విచ్చుకుంటుంది. తడి మట్టి అలా విడదు. డాబా మీద సోమవారం సాయంత్రమే పల్చగా పరిచాం. మంగళవారం మధ్యాహ్నానికి బకెట్లో వేస్తే బుడగలు కక్కుతూ కరిగింది.

మొదటి జల్లెడ నేనే పాడుచేశాను. కుళాయి ధారగా వదిలి కడిగితే నత్తలు పెళుసుగా ఉండి పొడైపోయాయి. చిన్ను ఏమీ అనలేదు కానీ మొహం చిన్నబోయింది. అప్పుడు మా అత్తయ్య వచ్చి, చీరకొంగు దోపి, నా చేతిలోంచి జల్లెడ తీసుకున్నారు. టబ్బు నీళ్లలో ముంచి, బియ్యం గాలించినట్టు ఒక వైపు ఊపి, తేలిన మట్టిని వదిలేస్తూ, అడుగున బరువైనది మిగిల్చారు. రాళ్ల బియ్యం గాలించి అరవై ఏళ్లు వండిన చేతులవి. పళ్లు, ఎముకలు ఇసుకకన్నా ఒకింత బరువు కాబట్టి అడుక్కే చేరతాయి. "ప్రపంచంలో ఎక్కడైనా చేసేది ఇదేనమ్మా" అన్నారు మాస్టారు అత్తయ్యతో.

ఎండాక తెల్ల కాగితం మీద పోసి, లెన్సు కింద సన్నటి బ్రష్‌తో ఒక్కో రేణువు జరుపుతూ చూశాం. నాలుగు గంటలు పట్టింది. నత్తలు, ఆవగింజలో సగం ఉన్న గుల్లలు, ఇసుక. సొరచేప పన్ను లేదు. సాయంత్రం దీపం పెట్టే వేళకి చిన్ను బ్రష్ ఆగింది. పలకల ఆకారంలో, గోధుమరంగులో, వార్నిష్ పూసినట్టు మెరిసే చిన్న ముక్క.

మాస్టారు లెన్సు పెట్టి చూసి, "పొలుసు. లెపిసోస్టియస్ కుటుంబం. ఇప్పుడు మన దేశంలో ఈ చేప లేదు" అన్నారు.

"గార్!" అని అరిచాడు చిన్ను. "ఇది గార్ ఫిష్ స్కేల్! మా ఇంటి వెనక కాలువలో ఉంటాయి!"

నిజమే. గార్ చేపలు ఇవాళ ఉత్తర అమెరికా వైపే బతుకుతున్నాయి, ఫ్లోరిడా గార్ అని ఒక జాతే ఉంది. ఒకప్పుడు మన చెరువుల్లోనూ ఈదాయి. వాడు ఆ పొలుసుని అరచేతిలో పెట్టుకుని అత్తయ్యకి ఆ కాలువ గురించి, అందులో మొసలి మూతిలాంటి మూతి ఉన్న చేప గురించి చెబుతూనే ఉన్నాడు. ఈ ఊరికి వచ్చాక వాడు ఇంటి సంగతులు ఇంతసేపు చెప్పడం అదే మొదలు.

ఐదో రోజు, బుధవారం

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కాం. బెల్లంపల్లికి సుమారు 250 కిలోమీటర్లు. కాజీపేట దాటాక మాస్టారు స్టెనో కథ చెప్పారు. యూరప్‌లో పూర్వం సొరచేప పళ్లని నాలుక రాళ్లు అనేవారు. పాముల నాలుకలు రాళ్లయ్యాయనీ, విషానికి విరుగుడనీ నమ్మేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర జాలర్లకి పెద్ద సొరచేప దొరికితే, తల కోసి చూసే పని నికోలస్ స్టెనో అనే వైద్యుడికి అప్పగించారు. దాని నోట్లో ఉన్నవీ, కొండల్లో దొరికే నాలుక రాళ్లూ ఒకటేనని ఆయన గుర్తించి మరుసటి ఏడాది రాశాడు. కొండ మీద సొరచేప పన్ను ఉందంటే ఒకప్పుడు ఆ కొండ నీళ్ల కింద ఉన్నట్టే కదా. రాతిపొరల్లో కిందిది పాతది, పైది కొత్తది అన్న సూత్రం చెప్పిందీ ఈయనే.

మాటల్లోనే రామగుండం దాటాం. మంచిర్యాల ముందు గోదావరి వంతెన మీద రైలు నెమ్మదించింది. పొద్దు గుంకుతోంది. నీళ్లు తక్కువగా ఉన్నాయి, ఇసుక మేటలు ఎక్కువ. రాత్రి బెల్లంపల్లిలో లాడ్జిలో పడుకున్నాం.

ఆరో రోజు, గురువారం

పొద్దున్నే రేచిని వైపు ఆటో మాట్లాడుకున్నాం. దారిపొడుగునా బొగ్గు లారీలు. ఆ తర్వాత పత్తిచేలు, వాటి మధ్య అకస్మాత్తుగా ఎర్రమట్టి. ఎరుపంటే మామూలు చెలక ఎరుపు కాదు, కుంకుమలో కాస్త బూడిద కలిపినట్టు. వానలకి కోసుకుపోయి చిన్న చిన్న గండ్లుగా ఉంది. ఇదే మలేరి మట్టి. సుమారు 22 కోట్ల ఏళ్లు దాటింది. హిమాలయాలు లేవు, మన దేశం ఇంకా దక్షిణాది ఖండాలతో అతుక్కునే ఉంది. ఇక్కడ పెద్ద నదులు, వాటి వరద మైదానాలు.

మాస్టారు ముందే నియమాలు చెప్పారు. పొలం వాళ్లని అడగకుండా అడుగు పెట్టకూడదు. ఎముక కనబడితే తవ్వకూడదు, నాణెం పక్కన పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకోవాలి. ఎక్కడ దొరికిందో తెలియని శిలాజం చిరునామా చిరిగిన ఉత్తరం లాంటిది. వాన కడిగి వదిలేసిన మట్టిని మాత్రమే జల్లెడ పట్టాలి.

గంటలోపే చిన్నుకి నీలి తెలుపులో ఒక ఎముక అంచు కనిపించింది. గట్టులోకి దూరి ఉంది. వాడి చేతులు లాగాలని తహతహలాడటం నాకు తెలుస్తోంది. లాగలేదు. ఫొటో తీసి, దాని మీద కొంచెం మట్టి కప్పాడు. ఈ పొరల్లో చిలుక ముక్కులాంటి ముక్కున్న హైపెరోడాపెడాన్, మొసలిని పోలిన పారాసూకస్ దొరికాయని మాస్టారు చెప్పారు. పందొమ్మిదో శతాబ్దంలో నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లోప్ అనే మిషనరీ ఇక్కడి శిలాజాలను పరిశీలించాడు. నస్కల్ క్షీరదం పేరులో ఉన్న హిస్లోప్ ఆయనే. ఇక్కడ దొరికిన ఊపిరితిత్తుల చేప పళ్లని థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వర్ణించాడు. ఆ చేప బంధువు ఒకటి ఆస్ట్రేలియా నదుల్లో ఇప్పటికీ ఉంది.

"షార్క్ మాత్రం సముద్రంలోదే కదా తాతా?" అన్నాడు చిన్ను. మాస్టారు కాస్తా ఎప్పుడు తాత అయ్యారో నేను గమనించలేదు.

"ఇక్కడిది ఏటి సొర. జెనాకాంథ్ అంటారు. ఇప్పటి సొరలకి దూరపు చుట్టం, మంచినీళ్లలో బతికింది. 1980లో ఎస్.ఎల్. జైన్ మలేరి నుంచి వాటి పళ్ల గురించి రాశారు. ఈ మట్టి నాటి ట్రయాసిక్ కాలంతోనే ఆ వంశం అంతరించింది."

సముద్రం లేకుండా సొరచేప. వాడి మొహంలో నమ్మకం, అపనమ్మకం రెండూ ఉన్నాయి. నాకూ అంతే.

వాగు పక్కన టబ్బు పెట్టుకుని మొదలుపెట్టాం. మా అత్తయ్య చెయ్యి తిప్పినట్టే చిన్ను తిప్పుతున్నాడు. పదకొండింటికి ఏమీ లేదు. ఒంటిగంటకి పులిహోర తిన్నాం. మళ్లీ జల్లెడ. సున్నపు గుళికలు, సున్నపు గుళికలు, సున్నపు గుళికలు. నడుం పట్టేసింది. మూడున్నర ప్రాంతంలో మాస్టారి లెన్సు కింద నేను జరుపుతున్న రేణువుల్లో ఒకటి రేణువులా లేదు. పొడవు మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ముదురు గోధుమరంగు. ఒక కొమ్ము సూదిగా పైకి లేచింది, దాని పక్కన విరిగిన ఇంకో కొమ్ము మొదలు. ఆ రెండింటి మధ్యలో చిన్న మొన.

నోట మాట రాలేదు. లెన్సు చిన్ను చేతికిచ్చాను. వాడు చూసి మాస్టారికిచ్చాడు. మాస్టారు చాలాసేపు చూశారు. "మైక్రోస్కోప్ కింద చూసేదాకా పేరు పెట్టను" అన్నారు. కానీ ఆయన చెయ్యి కొద్దిగా వణికింది.

చోటు, పొర, తేదీ, పక్కనున్న చింతచెట్టు నుంచి ఎన్ని అడుగులో అన్నీ రాసుకున్నాం. పన్నుని దూదిలో పెట్టి, మాత్రల డబ్బాలో మూసి, నా జాకెట్టు జేబులో పెట్టుకుని తిరుగు రైలెక్కాను. రాత్రంతా చెయ్యి దాని మీదే ఉంది.

ఏడో రోజు, శుక్రవారం

మా స్కూలు ల్యాబ్ తాళం తీయించి పాత మైక్రోస్కోప్ కింద పెట్టాం. రెండు పెద్ద కొమ్ములు, నడిమి మొన, వేరు మీద బొత్తాంలాంటి ఉబ్బు. మాస్టారు తన పాత నోట్సులో బొమ్మతో పోల్చి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "జెనాకాంథ్" అన్నారు.

పన్ను మా ఇంట్లో ఉండదు. మాస్టారు తన పాత యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో ఇస్తారు, ఎముక ఫొటోలు, చోటు వివరాలతో సహా. చిన్నుకి ఇది ముందే తెలుసు, అయినా ఒకసారి అడిగాడు. తర్వాత కూర్చుని మైక్రోస్కోప్‌లో చూస్తూ బొమ్మ గీశాడు. మూడుసార్లు చెరిపి గీశాడు. దాన్ని కత్తిరించి, గళ్ల డబ్బాలో మెగలొడాన్ అనే అంతరించిన భారీ సొరచేప పన్ను దొరికితే పెట్టాలని ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచిన పెద్ద గడిలో పెట్టాడు. బొమ్మ కింద తెలుగులో, కొంచెం వంకరగా రాశాడు: "ఏటి సొర. మలేరి ఎర్రమట్టి. చిన్నమ్మ చూసింది."

మృగశిర వానలు పడి గండ్లు కొత్తగా కోసుకున్నాక మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం. ఈసారి అత్తయ్య కూడా వస్తానన్నారు. రేచిని ఆటో అబ్బాయి నంబరు ఫోన్‌లో వేసుకున్నాను.